బండిలోని ట్యాంకు నీళ్ళు రెండో రోజుకే ఎందుకు వాసనొస్తున్నాయి?

ప్రశ్న: మాది రాయగడ. మావారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. నిరుడు ఒక టెంపో ట్రావెలర్ కొని, లోపల మంచాలు, చిన్న వంటగది, బాత్‌రూమ్ పెట్టించి మోటార్‌హోమ్‌లా మార్పించుకున్నాం. మంచం కింద 150 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. వేసవిలో అరకు వెళ్ళొచ్చాక బండి షెడ్డులోనే ఉండిపోయింది. మొన్న ట్యాంకు నింపుకుని గుణుపురం వెళ్తే, రెండో రోజుకే కుళాయి నీళ్ళు పాచి వాసన కొట్టాయి. మొక్కలకు వాడే ఆకుపచ్చ పైపుతో మేడ మీది ట్యాంకు నీళ్ళే పడతాం. పడుతుంటే సగం నిండకముందే నీళ్ళు వెనక్కి తన్ని మీద పడుతున్నాయి. ట్యాంకు ఖాళీ అయినా మీటరు నిండుగా ఉందనే చూపిస్తోంది. రాత్రిపూట కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు మధ్యమధ్యలో టక్‌టక్‌మంటోంది. దసరా సెలవుల్లో నాలుగేళ్ళ మనవరాలిని తీసుకుని కోరాపుట్, దేవమాలి, గుప్తేశ్వరం, ఆ తర్వాత గోపాల్‌పూర్, పూరీ వెళ్దామనుకుంటున్నాం. ఈ నీళ్ళు పాపకు తాగించొచ్చా? అదే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, రాయగడ

సమాధానం: అమ్మా, ముందు పాప సంగతి. ట్యాంకు ఇప్పుడున్న స్థితిలో ఆ నీళ్ళు పాపకు తాగించకండి. పళ్ళు తోమడానికి, పళ్ళూ కూరగాయలూ కడగడానికి కూడా వద్దు. మరగబెడితే సరిపోతుందని ఎవరైనా చెప్పినా వినకండి. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. కానీ ట్యాంకు గోడలకూ పైపుల్లోపలా పట్టిన జిగురు అలాగే ఉంటుంది. మీరు మరిగించిన గిన్నెడు నీళ్ళు బాగుపడతాయి, కుళాయి తిప్పిన ప్రతిసారీ మళ్ళీ పాత నీళ్ళే వస్తాయి. దసరాకి ఇంకా సమయం ఉంది కాబట్టి ట్యాంకును పూర్తిగా బాగుచేసుకునే బయలుదేరండి.

ఈ విషయంలో నేనింత గట్టిగా చెప్పడానికి కారణం మీ జిల్లాలోనే ఉంది. 2022 జూలైలో కాశీపూర్ బ్లాకులో కలరా వచ్చి ప్రాణాలు పోయాయి. వానాకాలంలోనూ, అది వెళ్ళిన కొత్తలోనూ మన కొండ ప్రాంతాల్లో నీటి జబ్బులు ఎక్కువ. పెద్దవాళ్ళం ఒకటి రెండు విరేచనాలతో తట్టుకుంటాం గానీ, నాలుగేళ్ళ పిల్ల ఒక్క పూటలో నీరసించిపోతుంది. అందుకే ట్యాంకు ఎంత శుభ్రంగా ఉన్నా తాగే నీళ్ళు వేరే పెట్టుకోమనే నా సలహా. ఇరవై లీటర్ల మూత గట్టి క్యాన్లు రెండు చాలు. ట్యాంకు నీళ్ళు గిన్నెలకూ, స్నానానికీ, బాత్‌రూమ్‌కూ వాడుకోండి. బాగా మరిగే వంటకైతే ఫరవాలేదు.

ఇక వాసన ఎందుకొస్తోందంటారా? మీ ఉత్తరంలోనే జవాబుంది: అరకు నుంచి వచ్చాక ట్యాంకు ఖాళీ చేశామని మీరెక్కడా రాయలేదు. అడుగున మిగిలిన నీళ్ళు ఇన్ని నెలలు షెడ్డు వేడిలో ఉన్నాయి. మున్సిపాలిటీ నీళ్ళలో ఉండే కొద్దిపాటి క్లోరిన్ వేడికి, గాలికి త్వరగా తగ్గిపోతుంది. అది పోయాక నీళ్ళలో మిగిలిన సూక్ష్మజీవులు గోడలకు అంటుకుని ఒక జారుడు పొరలా పెరుగుతాయి. ఆ పొర ఒకసారి పట్టిందంటే పైన ఎంత మంచి నీళ్ళు పోసినా రెండు రోజుల్లో వాటినీ చెడగొడుతుంది. ఇంట్లో మీరు రోజూ బిందెలో నిన్నటి నీళ్ళు పారబోసి, చింతపండుతో తోమి, కొత్త నీళ్ళు పట్టుకుంటారు కదా. ఈ ట్యాంకు కూడా అలాంటి బిందే. కంటికి కనిపించని చోట ఉండడం వల్ల ఆ పని ఎవరికీ గుర్తు రాదు.

వాసన ఏ రకమో కూడా చూడండి. పాచి వాసన, మట్టి వాసన అయితే నేను చెప్పిన పొరే కారణం. ట్యాంకు తెల్లగా, వెలుతురు లోపలికి పోయేలా ఉంటే పచ్చటి నాచు కూడా పడుతుంది. అలాంటిదైతే చుట్టూ నల్లటి షీటు కప్పించండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేడి నీళ్ళ కుళాయిలో మాత్రమే వస్తుంటే తప్పు గీజరులో ఉంది, దాన్ని ఖాళీ చేయించి కడిగించాలి. ప్లాస్టిక్ వాసన, రబ్బరు వాసన అయితే ఆ ఆకుపచ్చ పైపును అనుమానించండి.

ట్యాంకు కడగడం ఒక రాత్రి, మర్నాడు ఒక పూట పట్టే పని. ముందుగా అడుగున ఉన్న వాల్వు తిప్పి మొత్తం ఖాళీ చేయండి. బండిని వాల్వు వైపు కాస్త వాలేలా నిలబెడితే అడుగు మడ్డి కూడా పోతుంది. ట్యాంకుకు చెయ్యి పట్టే మూత ఉంటే తీసి, మెత్తటి స్పాంజితో గోడలు తుడిపించండి. వైరు బ్రష్షు, ఇనప పీచు వాడొద్దు. గీతలు పడితే మళ్ళీ ఆ గీతల్లోనే పొర పడుతుంది. సబ్బు కూడా వద్దు, దాన్ని పూర్తిగా కడగడం కష్టం. బండిలో వాటర్ ప్యూరిఫయరో, ఫిల్టరో ఉంటే లోపలి క్యాట్రిడ్జ్ తీసి పక్కన పెట్టండి. క్లోరిన్ ఘాటుకు ఆర్వో మెంబ్రేన్ పాడైపోతుంది. గీజరు స్విచ్ ఆపేయండి.

ఇప్పుడు క్లోరిన్ కొలత. లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున పడాలి. మీ 150 లీటర్లకు లెక్క వేస్తే, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, అంటే సీసాల్లో దొరికే లిక్విడ్ బ్లీచ్, 150 మి.లీ. కావాలి. సీసా మీద 4 శాతం అని ఉంటే 190 మి.లీ. పోయండి. సువాసన కలిపినవి, నురగ వచ్చేవి కొనొద్దు. ద్రావణం దొరక్కపోతే బ్లీచింగ్ పౌడరు వాడొచ్చు. 25 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడరైతే 30 గ్రాములు సరిపోతుంది. ఏళ్ళ తరబడి మూత తెరిచి ఉన్న డబ్బాలో పౌడరుకు బలం ఉండదు, కొత్త ప్యాకెట్టే తీసుకోండి. దాన్ని నేరుగా ట్యాంకులో వేయకండి. బకెట్టు నీళ్ళలో కలిపి అరగంట వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది, పైనున్న తేట మాత్రమే పోయాలి. ఈ పని ఆరుబయట, చేతులకు గ్లౌజులు వేసుకుని చేయండి. పాపను దగ్గరికి రానివ్వొద్దు. అన్నిటికంటే ముఖ్యం, టాయిలెట్ కడిగే యాసిడ్ గానీ వెనిగర్ గానీ దీంతో ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే విషవాయువు పుడుతుంది.

ట్యాంకు సగం నింపి, ఈ ద్రావణం పోసి, మిగతాది నీళ్ళతో నింపండి. తర్వాత పంపు ఆన్ చేసి ఒక్కొక్క కుళాయీ తిప్పండి. సింకు, వాష్‌బేసిన్, షవరు, టాయిలెట్ ఫ్లష్, వేడి నీళ్ళ కుళాయి, ఒక్కటి కూడా వదలొద్దు. ప్రతిదాంట్లోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. చాలామంది ట్యాంకు మాత్రమే కడిగి పైపులను మర్చిపోతారు, అందుకే వారానికే వాసన మళ్ళీ వస్తుంది. బండిని మీ వీధిలోనే ఒక చుట్టు తిప్పండి, నీళ్ళు ఎగిరి ట్యాంకు పైకప్పుకు కూడా తగులుతాయి. రాత్రంతా, అంటే 12 గంటలు అలాగే ఉంచండి. అంతకంటే ఎక్కువ ఉంచొద్దు, లోపల స్టీలు భాగాలుంటే తుప్పు పట్టొచ్చు. మర్నాడు ఖాళీ చేసి, మంచి నీళ్ళు నింపి, అన్ని కుళాయిల్లోంచీ వదిలేయండి. వాసన పోయేదాకా ఇలా రెండు మూడుసార్లు చేయాలి. ఆ క్లోరిన్ నీళ్ళు చెరువులోకో, మొక్కల్లోకో, నూతి దగ్గరికో పోనివ్వకండి. కొద్దిగా వాసన మిగిలినా భయం లేదు, నాలుగైదు చెంచాల వంట సోడా నీళ్ళలో కలిపి పోసి ఇంకోసారి కడిగితే పోతుంది. బండి వాడుకలో ఉన్నంత కాలం ఆరు నెలలకోసారి, చాలా రోజులు వాడకపోతే బయలుదేరే ముందు తప్పనిసరిగా ఈ పని చేయించండి.

ఆ ఆకుపచ్చ పైపును మాత్రం మొక్కలకే వదిలేయండి. తోట పైపులు తాగునీటి కోసం చేసినవి కావు. ఎండలో పడి ఉంటే ప్లాస్టిక్ రుచి నీళ్ళలోకి దిగుతుంది, పైగా దాని రెండు చివరలూ మట్టిలో ఉంటాయి. ఫుడ్ గ్రేడ్ పైపు కావాలని అడగండి. పాల డెయిరీలకు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, బరంపురంలోనో విశాఖలోనో అడిగి చూడండి. పది మీటర్లు చాలు. పట్టుకోవడం అయ్యాక నీళ్ళన్నీ వంపేసి, రెండు చివరలకూ మూతలు పెట్టి, చుట్ట చుట్టి ఒక సంచిలో ఉంచండి. బండి కడగడానికి, టాయిలెట్ ట్యాంకు కడగడానికి ఇంకో పైపు పెట్టుకోండి. అది వేరే రంగుది కొనండి, వేరే అరలో పెట్టండి. రెండింటినీ ఒకే చోట పడేస్తే చీకట్లో ఎవరైనా ఒకటనుకుని ఇంకొకటి తగిలిస్తారు. బండి నీళ్ళ విషయంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం నాకు తెలిసి లేదు.

ఎక్కడ నింపుకోవాలనేది మీ దారిని బట్టి చెప్తాను. రాయగడలో బయలుదేరేటప్పుడు మేడ మీది ట్యాంకు నీళ్ళు పట్టకండి. అందులో దుమ్ము చేరుతుంది, క్లోరిన్ పోతుంది. నేరుగా మున్సిపాలిటీ లైను నుంచి వచ్చే కుళాయికి పైపు తగిలించండి. ముందు రెండు నిమిషాలు నీళ్ళు వృథాగా పోనిచ్చి, గాజు గ్లాసులో పట్టి వెలుతురులో చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. సన్నగా క్లోరిన్ వాసన వస్తే సంతోషించండి. కుళాయి నోరు గుడ్డతో తుడిచి, పైపు చివర నేలకు తగలకుండా తగిలించండి. సగం రోగం ఈ ఒక్క చోటే లోపలికి పోతుంది.

మీరు లక్ష్మీపురం మీదుగా కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కుతారు. 150 లీటర్లంటే 150 కిలోల బరువు, ఇద్దరు పెద్దవాళ్ళకంటే ఎక్కువ. పైగా ట్యాంకు సగం ఉన్నప్పుడు మలుపు మలుపుకూ నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుని బండిని లాగుతాయి. లోపల అడ్డు పలకలు ఉన్నాయో లేదో బాడీ కట్టినవాళ్ళను అడగండి. లేకపోతే ఘాట్ ఎక్కడానికి పావు వంతు నీళ్ళే చాలు. కోరాపుట్‌లో గానీ సెమిలిగూడలో గానీ నింపుకుని దేవమాలి ఎక్కండి. 1,672 మీటర్ల ఆ కొండ మీద మీకు కావలసినన్ని నీళ్ళు దొరుకుతాయని నమ్ముకోవద్దు. అలాగే గుప్తేశ్వరానికి జయపురంలోనే సర్దుకుని వెళ్ళండి. గుడి పక్కన కొలాబ్ నది నిండుగా పారుతూ కనిపిస్తుంది, ఆ నీళ్ళు ట్యాంకులో పోయాలనిపిస్తుంది. పోయకండి. నది నీళ్ళలోని ఒండ్రు ఒక్కసారి లోపలికి పోతే పంపు జల్లెడ పూడుకుపోతుంది. అంతగా అవసరమైతే బకెట్టులో పట్టి, పటిక తిప్పి, తేరుకున్నాక బాత్‌రూమ్‌కు నేరుగా వాడుకోండి.

దారిలో పెట్రోలు బంకుల్లో తాగునీరు ఉచితంగా ఇవ్వాలనే నియమం ఉంది. అది సీసా నింపుకునేవాళ్ళకు ఉద్దేశించింది. మీరు ట్యాంకు నింపాలంటే ముందు డీజిలు కొట్టించుకుని, మేనేజరును మర్యాదగా అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఊళ్ళల్లో బోరింగుల దగ్గర మాత్రం ఆగకండి. 150 లీటర్లంటే పది పన్నెండు బిందెలు. కొండ ఊళ్ళలో ఆడవాళ్ళు, ఆడపిల్లలు వరసలో నిలబడి కొట్టుకునే నీళ్ళవి. మనం బండి తెచ్చి అడ్డం పెట్టి ఆ నీళ్ళు పట్టుకుపోవడం న్యాయం కాదు. ఎవరైనా పిలిచి ఇచ్చినా ఒక క్యాను పట్టుకుని దండం పెట్టి రావడమే మంచిది.

బోరు నీళ్ళు పట్టాల్సి వస్తే ఒక చిన్న పరీక్ష చేయండి. తెల్లటి గిన్నెలో పట్టి అరగంట ఉంచండి. పట్టినప్పుడు తేటగా ఉండి, తర్వాత ఎర్రగా మారితే అందులో ఇనుము ఉంది. ఒడిశాలో చాలా చోట్ల బోరు నీళ్ళకు ఈ గుణం ఉంది. తాగడానికి రుచి ఉండదు, ట్యాంకులో ఎర్రటి మడ్డి పేరుస్తుంది, ఆ మడ్డి మీద జిగురు పొర ఇంకా త్వరగా పెరుగుతుంది. గోపాల్‌పూర్ వైపు సముద్రం దగ్గర ఉప్పు బోర్లు తగులుతాయి. నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని (దాన్నే టీడీఎస్ అంటారు) చూపించే, పెన్నులా ఉండే మీటరు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, ఒకటి దగ్గర ఉంచుకోండి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. అయితే ఆ మీటరు ఉప్పునే చెబుతుంది, సూక్ష్మజీవుల గురించి ఏమీ చెప్పదు. అంకె తక్కువ చూపించిందని నీళ్ళు మంచివనుకోవద్దు. పూరీ చేరాక మీకు కాస్త ఊరట. అక్కడ 2021 జూలై నుంచి కుళాయి నీళ్ళు నేరుగా తాగేలా రోజంతా సరఫరా చేస్తున్నారు. మీ క్యాన్లు అక్కడ నింపుకోవచ్చు.

దారిలో పట్టిన ఏ నీళ్ళ మీదైనా అనుమానం ఉంటే మందుల షాపులో దొరికే తాగునీటి క్లోరిన్ బిళ్ళలు వాడండి. ఎన్ని లీటర్లకు ఎన్ని అన్నది ప్యాకెట్టు మీద ఉంటుంది. వేశాక కనీసం అరగంట ఆగాలి. నీళ్ళు మురికిగా ఉంటే బిళ్ళలు సరిగా పనిచేయవు, ముందు వడకట్టి తేర్చుకోవాలి. ఫిల్టరు పెట్టిద్దామనుకుంటే ఒక మాట. ట్యాంకులోకి పోయే దారిలో దుమ్ము పట్టే ఫిల్టరు మాత్రమే పెట్టించండి. బొగ్గు ఫిల్టరు అక్కడ పెడితే క్లోరిన్‌ను తీసేస్తుంది, ట్యాంకులోని నీళ్ళకు రక్షణ లేకుండా పోతుంది. బొగ్గు ఫిల్టరు స్థానం వంటింటి కుళాయి దగ్గర.

పాప సహా మీరు ముగ్గురు నలుగురు వెళ్తే, పొదుపుగా వాడుకున్నా మనిషికి రోజుకు పదిహేను ఇరవై లీటర్లు అవుతాయి. అంటే మీ ట్యాంకు రెండు రోజులకు సరిపోతుంది. అది మంచిదే. రెండు మూడు రోజులకోసారి ఖాళీ అయ్యి మళ్ళీ నిండే ట్యాంకులో నీళ్ళు చెడిపోవు. మిగిలిన పావు వంతు మీద కొత్తవి పోస్తూ వారాల తరబడి నడిపితేనే ఇబ్బంది.

నీళ్ళు వెనక్కి తన్నడానికి కారణం గాలి పైపు. ట్యాంకులోకి నీళ్ళు వెళ్తుంటే లోపలి గాలి బయటికి పోవాలి, దానికోసం పైన ఒక సన్నటి పైపు ఉంటుంది. అది మంచం కింద నొక్కుకుపోయి ఉంటుంది, లేదా కందిరీగ మట్టి గూడు పెట్టి ఉంటుంది. షెడ్డులో నిలిచిన బండ్లలో ఇది మామూలే. మెకానిక్కు చూపించి శుభ్రం చేయించి, చివర సన్నటి స్టీలు జాలీ కట్టించండి. ఇది అశ్రద్ధ చేసే విషయం కాదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మంచి నీళ్ళలోనే, వారం పది రోజుల్లో అవి దోమలవుతాయి. గాలి పైపు పూర్తిగా మూసుకుపోతే పంపు లాగే బలానికి ట్యాంకు గోడలు లోపలికి నొక్కుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

మీటరు సంగతి తేలిక. లోపలి సెన్సారు పుల్లలకు ఆ జిగురు పొర పట్టి తడిగా ఉండడం వల్ల నీళ్ళున్నట్టు చూపిస్తోంది. క్లోరిన్‌తో కడిగాక చాలావరకు సరిపోతుంది.

పంపు టక్‌టక్ మాత్రం పట్టించుకోండి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు పంపు తిరిగిందంటే పైపులో ఒత్తిడి ఎక్కడో తగ్గుతోంది. ఆ రాత్రి పొడి టిష్యూ కాగితం పట్టుకుని సింకు కింద, టాయిలెట్ వెనక, గీజరు దగ్గర ఒక్కొక్క జాయింటూ తుడిచి చూడండి, తడి ఎక్కడుంటే లీకు అక్కడే. ఎక్కడా తడి లేకపోతే పంపు లోపలి వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుని నీళ్ళు వెనక్కి జారుతున్నాయి. పంపుకు ముందు ఉండే చిన్న జల్లెడ విప్పి కడిగి, కాసేపు కుళాయి పూర్తిగా వదిలితే ఒక్కోసారి అదే పోతుంది. పోకపోతే కొత్త పంపు కొనేయకుండా వాల్వు కిట్ ఒక్కటీ మార్చగలరేమో మెకానిక్కును అడగండి. ఈలోగా పడుకునేటప్పుడు, బండి నడిచేటప్పుడు పంపు స్విచ్ ఆపేయండి. దారిలో కుదుపులకు ఒక జాయింటు ఊడితే, పంపు ఆన్‌లో ఉన్నందుకు ట్యాంకు మొత్తం పరుపుల మీదికి వస్తుంది.

పూరీ నుంచి తిరిగొచ్చిన రోజే, సామాన్లు దించకముందే, అడుగు వాల్వు తిప్పి ట్యాంకు ఖాళీ చేయమని మీవారికి చెప్పండి. కుళాయిలన్నీ తెరిచి ఉంచి, గీజరు నీళ్ళు కూడా వదిలేసి, అడుగు వాల్వుకు జాలీ కట్టి అలాగే తెరిచి ఉంచండి. పూర్తిగా ఆరాక మూసేస్తే చాలు.